ఒక్క వరుసలో కుదిరిన పొత్తు

కోల్‌కతాలోని కుమార్‌టులిలో దుర్గమ్మ విగ్రహం ఎలా రూపుదిద్దుకుంటుందో అంచెలంచెలుగా చూడొచ్చు. వెదురు చట్రం, దానికి చుట్టిన ఎండుగడ్డి, జిగురుమట్టి పూత, ఆపైన మెత్తటి మట్టి, రంగు, చివరికి నగలు. తెల్లటి శోలా నగలు, అంటే మన జీలుగు బెండుతో చేసినవి. ఏ పని ఎవరి చేతిదైనా వరుస మాత్రం తప్పకూడదు.

వెబ్ పేజీలు కట్టే మెటీరియల్ యూఐ, టెయిల్‌విండ్ అనే రెండు పనిముట్లను చక్కగా కలిపిన కోడ్ చూస్తే నాకు ఆ వరుసే గుర్తొస్తుంది. 2014లో మొదలైన మెటీరియల్ యూఐ బటన్లూ డైలాగులూ తయారుగా ఇచ్చి, వాటి రంగులూ కొలతలూ థీమ్‌లో ఉంచుతుంది. 2017లో వచ్చిన టెయిల్‌విండ్ చిన్న చిన్న క్లాసులిచ్చి, మిగతాది మనల్నే కట్టుకోమంటుంది.

రెంటినీ ఒకే పేజీలో పెడితే పేచీ మొదలు. 2025 జనవరిలో వచ్చిన టెయిల్‌విండ్ నాలుగో వెర్షన్ తన క్లాసులను క్యాస్కేడ్ లేయర్లలో ఉంచింది. మెటీరియల్ యూఐ స్టైళ్లు మామూలుగా ఏ లేయర్‌లోనూ ఉండవు. లేయర్ బయట ఉన్నదే నెగ్గడం బ్రౌజర్ నియమం. అందుకే బటన్‌కి పీ-6 అనే టెయిల్‌విండ్ క్లాసు రాసినా 24 పిక్సెళ్ల ప్యాడింగ్ రాదు. 'ఇంపార్టెంట్' తగిలించి గట్టెక్కేవాళ్లున్నారు. నాకది అస్సలు నచ్చదు.

పనితనమంతా ఒక్క వరుసలో ఉంది. మెటీరియల్ యూఐ ఏడో వెర్షన్‌లో సీఎస్ఎస్ లేయర్ సదుపాయం ఆన్ చేస్తే దాని స్టైళ్లన్నీ 'ఎంయూఐ' అనే లేయర్‌లో చేరతాయి. తర్వాత, వెనక వచ్చిన లేయరే నెగ్గుతుంది కాబట్టి, క్రమం ఇలా ప్రకటిస్తారు: థీమ్, బేస్, ఎంయూఐ, కాంపొనెంట్స్, యుటిలిటీస్. బ్రౌజర్ సొంత అలవాట్లను తుడిచే ప్రీఫ్లైట్ బేస్‌లో ఉంటుంది. ఎంయూఐ దానికంటే ముందుంటే బటన్ రంగే తుడిచిపెట్టుకుపోతుంది. మన పీ-6 ఉండే యుటిలిటీస్ తర్వాత ఉంటే అది మళ్లీ చెల్లదు. ఆ మధ్య చోటు ఎంత ఆలోచించి ఎంచారో!

థీమ్ కలపడమూ అంతే ముచ్చటగా ఉంటుంది. మెటీరియల్ యూఐలో సీఎస్ఎస్ వేరియబుల్స్ ఆన్ చేసి, దాని ప్రైమరీ రంగు వేరియబుల్‌ని టెయిల్‌విండ్ థీమ్‌లోని రంగుకి కట్టాలి. ఇక రంగు ఒక్కచోట మారిస్తే బటనూ, పక్కన మనం కట్టుకున్న పెట్టే కలిసే మారతాయి.

కొలతల దగ్గర మాత్రం జాగ్రత్త. 16 పిక్సెళ్లని మెటీరియల్ యూఐ 2 అంటే టెయిల్‌విండ్ 4 అంటుంది. ఇది అలవాటవుతుంది. అసలు చిక్కు తెర వెడల్పు హద్దుకి పెట్టిన 'ఎండీ' అనే పేరుతో: మెటీరియల్ యూఐలో అది 900 పిక్సెళ్లు, టెయిల్‌విండ్‌లో 768. 800 పిక్సెళ్ల తెర మీద ఒకటి మెనూ దాస్తే ఇంకొకటి చూపిస్తుంది. మీరూ ఈ జోడీ కడుతుంటే, మొదటి బటన్ పెట్టకముందే ఆ రెండు అంకెల్నీ ఒకటి చేయండి.