రెండు తోటల మధ్య

పల్నాడులో చాలా చోట్ల మిరప కోతకు కూలి పచ్చికాయ బరువు మీద లెక్క. సాయంత్రం గోతం కాటా మీద పెడతారు, మేస్త్రీ తూకం చూసి నోటుపుస్తకంలో ఆ కుటుంబం పేరు పక్కన కిలోలు రాసుకుంటాడు. కోసిన రోజుకు ఒక అంకె ఉంటుంది. కొయ్యని రోజుకు ఆ పుస్తకంలో గడి కూడా ఉండదు. ఒక తోట అయిపోయి ఇంకో తోట మొదలయ్యే లోపు గడిచే ఆ రోజుల గురించి ఈ వారం రాస్తున్నాను. కోత ఎంత పనో అదీ అంతే పని అని నా నమ్మకం.

కర్నూలు జిల్లా పడమటి మండలాలు, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద, దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవం దాటాక మెల్లగా ఖాళీ అవుతాయి. తుంగభద్ర పక్కనుంచే పారుతున్నా అక్కడి చేలలో ఎక్కువ భాగం వాన మీద ఆధారపడినవే. పత్తి వేసినా, ఉల్లి వేసినా, వేరుశనగ వేసినా ఒక్క కారుతో సరి. "సుగ్గికి పోతున్నాం" అని ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను ఊరికి కాపలా ఉంచి బయలుదేరతారు. కొందరు కోసిగిలో రైలెక్కి, గుంతకల్లులో మారి, గుంటూరు లైను పట్టుకుంటారు. ఎక్కువ మంది లారీల్లో, బొలేరోల్లో నల్లమల దాటి మార్కాపురం, వినుకొండ మీదుగా మా వైపు దిగుతారు. మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ముందు పత్తి తీత, ఆ తర్వాత మిరప కోత. ఉగాదికి మళ్లీ సొంతూరు.

మాది మిరప పండించే ఇల్లు. జనవరి వస్తే మా పొలం గట్టున టార్పాలిన్ గుడారాలు లేవడం చూస్తూ పెరిగాను. వాళ్ల పక్కన సాలులో నిలబడి కోయడానికి ప్రయత్నించిన రోజులున్నాయి కాబట్టి ఆ పనిలోని నేర్పు కొంత తెలుసు. రెండు చేతులూ రెండు కొమ్మల మీద పడాలి. కాయ తొడిమతో సహా రావాలి. తొడిమ ఊడిన కాయ కళ్లంలో గింజ రాలుస్తుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. ఎర్రగా పండినది కోయాలి, దోరకాయను వదలాలి. కొమ్మ విరిగితే దాని మీద రావలసిన రెండో కోత పోయినట్టే. తేజ రకం కాయ సన్నగా ఉంటుంది, కిలో తూగాలంటే చేతికి ఎక్కువ పని. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఎర్ర మిరపను యంత్రంతో కోస్తారు, కానీ అక్కడ చేనంతా ఒక్కసారే కోసేస్తారు. మన దగ్గర ఒకే చెట్టును మూడు నాలుగు సార్లు, పండిన కాయను ఏరి కొయ్యాలి. ఆ ఏరడం యంత్రానికి ఇంకా చేతకాలేదు.

ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుంటారు, ముఖానికి తువ్వాలు చుడతారు. అయినా సాయంత్రానికి వేళ్ల సందుల్లో మంట మొదలవుతుంది. చంటిబిడ్డ తల్లి గుడారానికి రాగానే బిడ్డను ఎత్తుకోదు. మజ్జిగతో చేతులు కడిగి, కొబ్బరినూనె రాసి, మళ్లీ కడిగి, అప్పుడు తాకుతుంది. బిడ్డ ఏడుస్తూనే ఉంటుంది. ఆ కాసేపు ఆ తల్లి ముఖం చూసినవాళ్లు ఎండుమిర్చి ధర గురించి మునుపటిలా మాట్లాడలేరు.

ఇక ఖాళీ రోజుల సంగతి. మిరప విడతలు విడతలుగా పండుతుంది. ఒక కోత అయ్యాక అదే తోట మళ్లీ ఎర్రబడడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా జట్టుకు వేరే తోట కావాలి. పక్క ఊళ్లో కాయ పండి ఉంటే ఆ రాత్రికే మకాం మారుతుంది. పండకపోతే, వాన జల్లు పడి కాయ తడిస్తే, రైతు "ఇంకో రెండు రోజులు ఆగండి" అంటే ఆగాలి. ఆ రెండు రోజులు నాలుగవుతాయి. మేస్త్రీ ఫోను పట్టుకుని రైతులతో మాట్లాడుతూనే ఉంటాడు. మంచి మేస్త్రీ అంటే ఎక్కువ అడ్వాన్సు ఇప్పించేవాడు కాదు, ఒక తోట చివరి సాలు కోస్తుండగానే తర్వాతి తోటను ఖాయం చేసేవాడు. అలాంటివాడి వెంట ఏళ్ల తరబడి అవే కుటుంబాలు వస్తాయి.

"కోసే దినం సులువమ్మా," అంది ఒక అవ్వ, మకాం మార్చే రోజు సామాను కడుతూ. "పొద్దున వంగితే మాపటికి తూకం తెలుస్తాది. ఊరికే కూసున్న దినమే కష్టం. ఆపొద్దు గూడా పొయ్యి మండాల్సిందే గదా."

ఆమె సామాను కట్టే తీరు చూస్తూ కూర్చున్నాను. ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు, రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తన వక్కాకు సంచిలో పెట్టుకుంది. ఆ సంచి నిద్రలో కూడా నడుము దిగదట. జొన్నపిండి మూటకు రెండు పొరల పట్టా. బియ్యం కంటే పిండికే జాగ్రత్త ఎక్కువ, ఎందుకంటే బియ్యం ఇక్కడ దొరుకుతాయి, వాళ్లకు అలవాటైన జొన్న దొరకదు. ముందు రోజు సాయంత్రమే రొట్టెలు తట్టి, కాల్చి, బాగా ఆరబెట్టి గుడ్డలో కట్టేసింది. కొత్త చోట పొయ్యి ఎప్పుడు వెలుగుతుందో తెలియదు కాబట్టి రెండు పూటలకు అవి, వేరుశనగ కారం. గుడారం పట్టా అన్నిటికంటే చివర బండి ఎక్కుతుంది, దిగేటప్పుడు అన్నిటికంటే ముందు అదే చేతికి రావాలి. చిన్నపిల్లలను మూటల మధ్య, అంచుకు దూరంగా కూర్చోబెట్టింది. ఈ క్రమం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అత్త కడుతుంటే చూసిందట, ఇప్పుడు కోడలు ఆమెను చూస్తోంది.

కొత్త ఊళ్లో దిగాక మగవాళ్లు తోట చూడడానికి వెళ్తారు, ఆడవాళ్లు నీళ్లు చూడడానికి వెళ్తారు. ముందు నీళ్లు, తర్వాత చాటు, ఆ తర్వాతే నీడ. మిరపతోట అంటే నెలల తరబడి మందు కొట్టిన నేల. మందు కలిపిన డ్రమ్ములు బోరు పక్కనే పడి ఉంటాయి, అలాంటి చోట బిందె ముంచరు. ఇంకో బోరు వెతుక్కుంటూ ఎంత దూరమైనా నడుస్తారు. కళ్లం ఎటు ఉందో, గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి గుడారం వేస్తారు, లేకపోతే ఆరబోసిన కాయల ఘాటుకు పిల్లలు రాత్రంతా దగ్గుతారు. ఇవన్నీ చూసి, నేల చదును చేసి, పుల్లలు ఏరుకొచ్చి, మూడు రాళ్లు పేర్చేసరికి ఒక రోజు గడిచిపోతుంది. రాష్ట్రంలో ఏ డిపో దగ్గరైనా రేషన్ తీసుకోవచ్చన్నది నిజంగా మంచి సదుపాయం. కానీ డీలరు తలుపు తీసిన రోజు వీళ్లు తోటలో ఉంటారు, వీళ్లు ఖాళీగా ఉన్న రోజు ఆ తలుపు మూసి ఉంటుంది.

పిల్లల సంగతి దగ్గర నా మనసు ఎప్పుడూ ఆగిపోతుంది. వలస ఎక్కువగా ఉన్న మండలాల్లో తల్లిదండ్రులు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా బడుల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. ఆలోచన సరైనదే. అయితే హాస్టల్ తెరిచే తేదీ, లారీ కదిలే తేదీ కలవాలి. లారీ కదిలాక తెరిస్తే పిల్లవాడు అప్పటికే మా ఊరి గట్టు మీద ఉంటాడు. పదేళ్ల ఆడపిల్లయితే చంటిదాన్ని చూసుకోవడానికి ఎలాగూ కావాలి. తల్లి తోటలో, చంటిది చీర ఉయ్యాల్లో, ఈ పిల్ల ఉయ్యాల తాడు పట్టుకుని. రెండు మకాంలు మారేసరికి పాఠాలు, ఇంకో రెండు మారేసరికి అక్షరాలు దూరమవుతాయి.

చట్టం దగ్గర కూడా వీళ్లకు చోటు దొరకలేదు. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రాష్ట్ర సరిహద్దు దాటినవాళ్ల గురించి ఆలోచించింది. మకాం మార్చుకునేందుకు భత్యం, రానుపోను ప్రయాణ ఖర్చు, ప్రయాణించే కాలానికి కూలి, ఇవన్నీ అందులో రాశారు. అంటే దారిలో గడిచిన రోజు కూడా పనిదినమే అని నలభై ఏళ్ల కిందటే ఒప్పుకున్నారు. కోసిగి నుంచి సత్తెనపల్లి వచ్చే కుటుంబం ఏ సరిహద్దూ దాటదు కాబట్టి ఆ మాట వాళ్లకు వర్తించలేదు. అదే కుటుంబం ఖమ్మం తోటలకు వెళ్తే 2014 జూన్ 2 దాకా ఒక లెక్క, ఆ తర్వాత ఇంకో లెక్క. లారీ అదే, మూటలు అవే.

దారిలో ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో 2020 వేసవిలో చూశాం. లాక్‌డౌన్‌లో పనులు ఆగాక ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు చెందిన పన్నెండేళ్ల పిల్ల తెలంగాణ మిరపతోటల నుంచి తనవాళ్లతో కలిసి అడవి దారిన నడుస్తూ ఏప్రిల్‌లో ఇంటికి చేరువలో చనిపోయింది. మన ఇళ్లల్లో ఆ ఏడాది పచ్చళ్లు పెట్టుకున్న కారంలో ఆ పిల్ల కోసిన కాయ ఉండి ఉండవచ్చు.

ఖాళీ రోజులు ఏటా ఒకేలా ఉండవు. 2021-22లో నల్ల తామర పురుగు పూతను తినేసింది. రైతులు తోటలు పీకేశారు, కోతకొచ్చిన జట్లు పని వెతుక్కుంటూ ఊరూరా తిరిగాయి. 2025లో కాయ పండింది, ధర పడింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర పడిన ఏడు రైతు చివరి కోత మానేస్తాడు. కోత కూలి, కళ్లం ఖర్చు, యార్డుకు బండి అన్నీ కలిపితే కాయ చెట్టున ఎండనివ్వడమే నయం అనిపిస్తుంది. ఆ లెక్క మా నాన్న కాగితం మీద వేస్తుంటే చూశాను, అందులో తప్పేమీ లేదు. మా వైపు మిరప వేసేవాళ్లలో కౌలు రైతులు చాలామంది. ముందుగానే కౌలు కట్టి, మందుల కొట్లో అప్పు పెట్టిన మనిషిని కూలీల ఖాళీ రోజులకు కూడా డబ్బు ఇమ్మంటే ఎక్కడి నుంచి తెస్తాడు?

అందుకే ఒక్కో రైతును విడిగా అడిగితే ఈ విషయం తేలదని నాకనిపిస్తుంది. ఒక ఊళ్లో నలుగురైదుగురు రైతులు కలిసి ఒకే జట్టును మాట్లాడుకుని, ఎవరి తోట ఎప్పుడు కోతకు వస్తుందో వరస వేసుకుంటే, మధ్యలో పోయే రోజులు సగానికి సగం తగ్గుతాయి. నారు వేసిన తేదీలు అందరికీ తెలిసినవే. తోట మారినా మకాం మారక్కర్లేదు. మా పక్క ఊళ్లో కొందరు బంధువులు ఇలాగే చేస్తున్నారు. వాళ్ల జట్టు ఏటా తిరిగి వస్తుంది, అడ్వాన్సు కోసం మేస్త్రీల వెంట తిరిగే బాధ తప్పింది. అప్పటికీ మిగిలే ఒకటి రెండు ఖాళీ రోజులకు బియ్యం, మకాం మారితే బండి, అడ్వాన్సు ఇచ్చే రోజే మాట్లాడుకుంటే వాళ్లంతా తలా కాస్త మోయగలిగిన ఖర్చే.

ఊరు చేయలేనిది ప్రభుత్వం చేయాలి. ఏ ఊళ్లో ఏ సర్వే నంబరులో మిరప ఉందో ఈ-క్రాప్‌లో నమోదవుతుంది. మిరప ఇన్ని ఎకరాలుందంటే జనవరిలో అక్కడికి ఎంత మంది వస్తారో మా ఊరి మేస్త్రీ నోటి లెక్కగా చెప్పగలడు. ఆ జాబితా చూసి తాగునీటి ట్యాంకరు, వారానికోసారి వచ్చే నర్సు, చంటిపిల్లలను చూసుకునే ఒక మనిషి ఎక్కడ కావాలో సంక్రాంతికి ముందే తేల్చవచ్చు. కోసిగి వైపు హాస్టళ్లు తెరిచే తేదీని కూడా పత్తి తీతకు మొదటి లారీ కదిలే రోజును బట్టి పెట్టాలి. ఆ రోజు దసరా దాటితే ఎప్పుడైనా రావచ్చు, కాబట్టి వంట సామాను, వార్డెన్ నియామకం సెప్టెంబరులోనే అయిపోవాలి.