49 ఆర్చీలు, 48 స్తంభాలు

టెట్‌కో డీఎస్సీకో చదివినవాళ్లను ఎవరినైనా అడగండి, హోవర్డ్ గార్డనర్ పేరు ఠక్కున చెబుతారు. అమెరికా మనస్తత్వవేత్త, 1983లో వచ్చిన పుస్తకం, బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం. తెలివిని ఒక్క అంకెతో కొలవలేమంటూ ఆయన ఏడు ప్రజ్ఞలు చెప్పారు. మాట, లెక్క, పాట, ఆకారాన్నీ స్థలాన్నీ ఊహించగలగడం, ఒంటి నేర్పు, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, తనను తాను ఎరగడం. ప్రకృతిని గుర్తెరిగే తెలివిని తర్వాత ఎనిమిదోదిగా చేర్చారు. ఒక మార్కు బిట్టుగా ఇదంతా మా ఉపాధ్యాయులందరికీ కంఠతా వచ్చు. ఉద్యోగం వచ్చి తరగతిలో నిలబడ్డాక దీంతో ఏం చేయాలన్నదే అసలు సంగతి.

చాలామంది చేసేది పిల్లలను రకాలుగా పంచేయడం. వీడు చూస్తేగానీ నేర్వడు, ఆ అమ్మాయికి వింటే చాలు, వెనక బెంచీవాళ్లకు చేతిపని ఇవ్వాలి. వినడానికి దయగల మాటల్లాగే ఉంటాయి. కానీ పిల్లల తీరును బట్టి పాఠం విడివిడిగా చెబితే చదువు మెరుగవుతుందనడానికి తగిన ఆధారం లేదని 2008లో హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి తేల్చారు. గార్డనర్ కూడా, తాను చెప్పిన ప్రజ్ఞలు వేరు, ఈ నేర్చుకునే తీరుల వర్గీకరణ వేరు అని స్పష్టంగానే చెప్పారు. పిల్లాడికి ముద్ర వేయడానికి కాదు, ఒకే పాఠంలోకి నాలుగైదు దారులు తెరవడానికి ఆ సిద్ధాంతం పనికొస్తుందని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు పుస్తకంలో దొరకలేదు, మా ఊరు నగరం బడి పిల్లల దగ్గర దొరికింది.

మాది కోనసీమలో, గోదావరి పాయలైన వైనతేయకూ వశిష్ఠకూ నడుమ ఉన్న దీవి. ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టినా మా వైపు పొలాలకు నీళ్లు రావాలంటే కాలువ వైనతేయను దాటాలి. అందుకని 1850ల తొలినాళ్లలో పి.గన్నవరం దగ్గర, నది మీదుగా కాలువే పారేలా అక్విడక్టు కట్టారు. దాని పక్కన ఇప్పుడు అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్త అక్విడక్టు ఉంది. మా పిల్లలు మధ్యాహ్నం తినే బడి భోజనానికీ 2024 నుంచి ఆవిడ పేరే పెట్టారు. అన్నం, నీళ్లు రెండూ ఆ తల్లి పేరు మీదే అందుతున్నాయని పిల్లలకు చెబుతుంటాను.

పాత అక్విడక్టు పొడవు 2,248 అడుగులు. ఆర్చీలు 49, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు. ఎనిమిదో తరగతికి ఈ అంకెలు బోర్డు మీద రాసి, ఆర్చీల మధ్య ఒక్కో స్తంభం మందం ఎంతో చెప్పమన్నాను. లెక్కల్లో చురుకైనవాళ్లు గబగబా చేశారు. 49ని 40తో హెచ్చవేస్తే 1,960. మొత్తంలోంచి తీసేస్తే 288. దాన్ని 49తో భాగించి ఐదు పాయింటు ఎనిమిది ఎనిమిది అని తెచ్చారు. ఎవరికీ అనుమానం రాలేదు. మూడో వరసలో ఒకడు, వాళ్ల నాన్న కొబ్బరి దింపుకు వెళ్తారు, లేచి నిలబడ్డాడు. భాగహారం కాగితం మీద ఇంకా తడబడే పిల్లాడు.

"నలభై తొమ్మిది కాదండి మాస్టారూ, నలభై ఎనిమిదండి."

"ఎలా చెప్పావురా?"

"వరసలో పది చెట్లుంటే మధ్యలో ఖాళీలు తొమ్మిదే కదండీ. ఇక్కడ ఆర్చీలు చెట్లండి, స్తంభాలు ఖాళీలండి."

288ని 48తో భాగిస్తే సరిగ్గా ఆరు.

అక్కడితో ఆపేసి వాడికి చప్పట్లు కొట్టిస్తే పాఠం సగంలో పోయేది. అందరినీ వరండాలోకి తీసుకెళ్లి వరసగా నిలబెట్టి చేతులు పట్టుకోమన్నాను. ఎన్ని చేతిపట్లున్నాయో వాళ్లే లెక్కపెట్టారు. ఒకమ్మాయి ఆర్చీల బొమ్మ వేసింది. మరొకరు ఎన్ని వస్తువులున్నా అందులోంచి ఒకటి తీసేయాలని సూత్రంగా రాశారు. తర్వాత అందరూ అన్నీ చేయాలన్నాను. చెట్ల సంగతి చెప్పిన పిల్లాడు సూత్రం రాశాడు, భాగహారమూ మళ్లీ చేశాడు. సూత్రం రాసిన పిల్ల వరసలో నిలబడి, చివరివాళ్లకు ఒక చెయ్యి ఖాళీగా ఎందుకుందో మిగతావాళ్లకు చెప్పింది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. దింపు కార్మికుడి కొడుక్కి చేతి తెలివి, చూపు తెలివి ఉన్నాయని మెచ్చుకుని వాడిని లెక్కల నుంచి తప్పిస్తే అది మన్నన కాదు, అన్యాయం. "మావాడికి చదువు ఎక్కదండీ, దింపులోకి పంపేస్తాం" అనే తండ్రికి బడి కూడా వంత పాడినట్టే. కోనసీమలో పిల్లలకు కులాన్ని బట్టి, అయ్య చేసే పనిని బట్టి ముద్రలు ఎప్పటినుంచో ఉన్నాయి. మనస్తత్వశాస్త్రం పేరు చెప్పి ఇంకొకటి అంటించనక్కర్లేదు. వాడికి తెలిసిన తోట గుండా భాగహారంలోకి తీసుకెళ్లాలి. అలాగే భాగహారం వచ్చిన పిల్లను తోటలోకి తీసుకెళ్లాలి.

అసలు తెలివులు విడివిడి గదుల్లో ఉండవు. మా చుట్టుపక్కల అగ్రహారాల్లో వేదం నేర్చే పిల్లలకు గురువు ఒకసారి సంత చెబితే వాళ్లు రెండుసార్లు తిప్పి చెబుతారు. పూర్తిగా చెవి చదువే అనిపిస్తుంది. ఘనపాఠం దాకా వస్తే మూడు పదాలను ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్లీ ఒకటి రెండు మూడు అనే వరసలో అల్లాలి. ఆ అల్లిక లెక్క కాక మరేమిటి? కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెదురు ప్రభలను భుజాల మీద మోసుకొస్తూ నిలువెత్తు ప్రభను నీళ్లలోంచి దాటించే కుర్రాళ్లది ఒంటి బలం మాత్రమే అంటే ఒప్పుకోను. బరువు ఎటు ఒరుగుతోందో, పక్కవాడు ఎప్పుడు అడుగేస్తాడో తెలియకుండా ఆ పని జరగదు.

పిల్లలను బట్టి నేర్పే దారులు వెతకడం అమెరికా నుంచి వచ్చిన కొత్త సంగతీ కాదు. 1823లోనే బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్, మన వీధిబడుల్లో పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు నేర్పే పద్ధతిని మెచ్చుకుంటూ, ఇంగ్లండు దాన్ని అనుసరించడం సబబేనని రాశారు. 1980ల్లో బ్రిటిష్ సాయంతో మన రాష్ట్రంలో మొదలైన ప్రాథమిక విద్యా పథకం, ఏపీపెప్ అని పాత మాస్టార్లు అంటారు, ఆరు సూత్రాలు పెట్టుకుంది. వైయక్తిక భేదాలను పట్టించుకోవడం అందులో ఒకటి, స్థానిక పరిసరాలను వాడుకోవడం మరొకటి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వారు పల్లె బడుల కోసం కార్డులు తయారుచేశారు. ఒకే గదిలో కూర్చున్న వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్లు ముందుకు సాగేలా వాటిని అమర్చారు. కర్ణాటక బడుల్లో 1995లో మొదలైన ‘నలి కలి’ పద్ధతికి దారి చూపింది ఆ పనే.

పథకాలు వస్తాయి, నిధులు అయిపోగానే వెళ్లిపోతాయి. ప్రశ్నపత్రం మాత్రం రాతనూ జ్ఞాపకాన్నీ అడిగే తీరులోనే ఉండిపోతుంది. ప్రాజెక్టు పనికి మార్కులున్నా చాలాచోట్ల షాపులో కొన్న చార్టుతో అవి పడిపోతున్నాయి. వరండాలో నిలబడి ఆలోచించిన పిల్లకు ఆ మార్కులు ఇవ్వొచ్చు. దానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఊరిదైన ఒక్క లెక్క, లేదా ఒక్క పాఠం పట్టుకురండి. చేనేతవాళ్ల ఊరైతే మగ్గం నుంచి, కాలువ పక్క ఊరైతే లాకుల నుంచి, చేపల రేవైతే ఆటుపోట్ల నుంచి. దాన్ని ఎన్ని దారుల్లో చెప్పారో, ఏ దారిలో ఏ పిల్లలు కదిలారో రాసి తెండి. అందరం కాపీలు తీసుకుందాం, మా బడిలో నేనూ చెప్పి చూస్తాను.