కాలయంత్రం ఎక్కడెక్కడ ఆగింది? – ‘ఆదిత్య 369’ మరోసారి

జానపద, పౌరాణిక చిత్రాల గురించి ఇదివరకటి భాగంలో చదువుకున్నారు. ఈ భాగంలో ఒకే ఒక్క చిత్రాన్ని తీసుకుని కాస్త నిదానంగా పరిశీలిద్దాం. అది 1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని మీలో చాలామంది చిన్నప్పుడు టీవీలో చూసే ఉంటారు. 2025లో మళ్లీ థియేటర్లకు వచ్చింది కాబట్టి కొందరు పెద్దతెర మీద కూడా చూసి ఉండవచ్చు. చూసినవారిని అడిగితే టైమ్ మెషిన్ గుర్తుందంటారు, శ్రీకృష్ణదేవరాయల సభ గుర్తుందంటారు, ఇళయరాజా పాటలు గుర్తున్నాయంటారు. కథకు ముడి ఎక్కడ పడిందని అడిగితే మాత్రం కాస్త తడుముకుంటారు. ఆ ముడి పడేది హైదరాబాదు పాతబస్తీలో, మూసీ ఒడ్డున, సాలార్‌జంగ్ మ్యూజియంలో.

సంపర్క తరగతుల్లో ఈ చిత్రం ప్రస్తావన వచ్చినప్పుడల్లా సైన్సు చదివిన విద్యార్థి ఎవరో ఒకరు లేచి, కాలంలో వెనక్కి వెళ్లడం అసాధ్యం కదా అంటారు. అసాధ్యమే కావచ్చు. కానీ విమర్శకుడు అడగవలసిన ప్రశ్న అది కాదు. యంత్రం పనిచేస్తుందని ఒప్పుకున్నాక, దాన్ని ఎక్కడికి పంపించారు, ఎక్కడికి పంపలేదు అన్నది చూడాలి. గతం మొత్తం చేతిలో ఉన్నప్పుడు ఏ ఏడు, ఏ ఊరు, ఎవరి ఇల్లు ఎంచుకున్నారన్న దాంట్లోనే ఆ చిత్రం రాజకీయం తెలుస్తుంది. ఒకరు కావాలని పెట్టినా, అలవాటుగా వచ్చినా, ఎంపిక ఎంపికే.

తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఎందుకు తక్కువ అన్నదానికి ఇక్కడ ఒక్క మాట చెప్పుకుని ముందుకు వెళ్దాం. వింతలు చూడాలన్న కోరికను మన జానపద, పౌరాణిక చిత్రాలు ముందే తీర్చేశాయి. ‘మాయాబజార్’ (1957)లో ప్రియదర్శిని పేటిక తెరిస్తే మనసుకు నచ్చినవారు కనబడతారు. ఇవాళ్టి వీడియో కాల్‌కు అదేం తీసిపోదు. సింగీతం అదే కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసి దర్శకత్వం నేర్చుకున్నవారు. హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన ‘టైమ్ మెషిన్’ నవల ఆలోచనకు కె.వి.రెడ్డి బడి కథనం తోడైతే వచ్చేది ఇలాంటి సినిమాయే. అందుకే ఇందులో యంత్రం ఉన్నా, నడక మాత్రం మనకు తెలిసిన కథ నడకే.

దొంగ, సేకర్త

కథలో రాజావర్మ (అమ్రిష్ పురి) పైకి కోటీశ్వరుడు. పురాతన వస్తువులంటే పిచ్చి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి వజ్రాన్ని దొంగిలిస్తాడు. బడి పిల్లలతో కలిసి మ్యూజియం చూడటానికి వచ్చి, లోపలే ఉండిపోయిన ఒక పిల్లవాడు ఆ దొంగతనాన్ని కళ్లారా చూస్తాడు. ఈ దృశ్యాన్ని మనం థ్రిల్లర్ దృశ్యంగా చూసి వదిలేస్తాం. నా దృష్టిలో చిత్రం మొత్తంలో రాజకీయంగా బలమైన ఘట్టం ఇదే.

ఎందుకో తెలియాలంటే ఆ మ్యూజియం ఎలా పుట్టిందో గుర్తు చేసుకోవాలి. మూడో సాలార్‌జంగ్‌గా పేరుపొందిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) కొద్దికాలం నిజాం దగ్గర ప్రధానిగా ఉండి, ఆ తర్వాత జీవితమంతా వస్తువులు సేకరించడంలో గడిపాడు. ఆ ఖర్చంతా జాగీరు మీద వచ్చిన ఆదాయం. అంటే ఊళ్లలో రైతు కట్టిన శిస్తు ఇటలీ పాలరాతి శిల్పంగానూ, ఇంగ్లండు గడియారంగానూ మారి దివాన్ దేవిడీ గదుల్లో చేరింది. ఆయన పెళ్లి చేసుకోలేదు, వారసులు లేరు. ఆయన పోయిన 1949లోనే హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్దారీ రద్దయింది. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించాడు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారింది. ఒక ప్రభువు తన కళ్ల కోసం కొనుక్కున్నవాటిని ఇవాళ టికెట్ కొనుక్కున్న ఎవరైనా చూడవచ్చు. మధ్యాహ్నం పన్నెండు కొట్టే వేళ ఆ గడియారం బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టడం చూడటానికి గుమిగూడిన జనంలో అన్ని ఊళ్లవాళ్లూ ఉంటారు.

ఇప్పుడు రాజావర్మను చూడండి. అతనూ సేకర్తే. అతనికీ మంచి అభిరుచే ఉంది. డబ్బుకు లోటు లేదు, అమ్ముకోవలసిన అవసరం లేదు. అతనికి కావలసింది ఒక్కటే, అందరూ చూస్తున్నదాన్ని తానొక్కడే చూడాలి. చరిత్ర ఒక దివాన్ ఇంటి నుంచి జనం దగ్గరికి తెచ్చినదాన్ని అతను మళ్లీ ఒక ఇంట్లోకి తీసుకుపోతున్నాడు. మామూలు సినిమా విలన్ బ్యాంకు దోచుకుంటాడు. ఇతను మాత్రం ప్రజల పేరున ఉన్న గతాన్ని సొంత ఆస్తి చేసుకోబోయాడు. దానికి సాక్షిగా ఒక బడిపిల్లవాణ్ని నిలబెట్టడం దర్శకుడి చూపుకు నిదర్శనం. మ్యూజియం ఎవరి కోసమో ఆ పిల్లవాడే చెబుతున్నాడు.

విడుదలైన నెల కూడా గమనించదగ్గది. 1991 జూలైలో విదేశీ మారకద్రవ్యం అడుగంటిన పరిస్థితుల్లో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు కోసం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు తరలించింది. చిత్రం విడుదలైన ఆరు రోజులకు, జూలై 24న, పి.వి.నరసింహారావు ప్రభుత్వం ఆర్థిక సంస్కరణల బడ్జెట్ ప్రవేశపెట్టింది. కథ అంతకు ముందే రాసుకున్నది కాబట్టి దర్శకుడు దీన్ని ఉద్దేశించాడని అనలేం. అయితే ఉమ్మడి సొత్తు ఏది, సొంత సొత్తు ఏది అని దేశమంతా కొత్తగా లెక్క చూసుకుంటున్న రోజుల్లో ఈ వజ్రం కథ తెర మీదికి వచ్చిందన్నది వాస్తవం.

సభ కనబడింది, గని కనబడలేదు

కాలయంత్రం కథానాయకుణ్ని, నాయికను, వెంట ఒక కానిస్టేబుల్‌ను 16వ శతాబ్దపు విజయనగరానికి తీసుకుపోతుంది. ఇక్కడ చిత్రం చాలా సరదాగా సాగుతుంది. జంధ్యాల మాటలు, తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, కానిస్టేబుల్‌గా సుత్తివేలు ఒకరిని మించి ఒకరు నవ్విస్తారు. ఆ ఆనందాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే వజ్రం కోసం మొదలైన కథ వజ్రం పుట్టిన చోటికి ఎందుకు పోలేదని అడగవచ్చు.

విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు వ్యాపారి నూనిజ్, వజ్రాల గనులను గుత్తకిచ్చేవారని, ఒక పరిమితికి మించిన బరువున్న రాళ్లు మాత్రం రాజుకే చెందాలన్న షరతు ఉండేదని రాశాడు. తర్వాతి శతాబ్దంలో, కుతుబ్‌షాహీల ఏలుబడిలో, ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిని చూశాడు. అక్కడ దాదాపు 60 వేలమంది పనిచేస్తున్నారని, మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తున్నారని రాశాడు. ప్రపంచమంతా గోల్కొండ వజ్రాలని పిలిచినవి నిజానికి గోల్కొండలో దొరికినవి కావు. అవి అమ్ముడైన చోటు గోల్కొండ, తవ్విన చోటు కొల్లూరు వంటి ఊళ్లు. ఆ కొల్లూరు ఇవాళ పులిచింతల జలాశయం ముంపులో ఉంది. కాలయంత్రం ఉంటే తప్ప చూడలేని చోటు అది.

చిత్రంలో పిల్లలున్నారు, వజ్రం ఉంది, టైమ్ మెషిన్ ఉంది. 1991లో వజ్రం దొంగతనాన్ని చూసిన పిల్లవాడికీ, గనిలో మట్టి మోసిన పిల్లవాడికీ మధ్య దూరం ఒక్క మీట నొక్కితే సరిపోయేంత. యంత్రం అక్కడ ఆగలేదు. రాజు రత్నాలు రాశులు పోసి అమ్మించిన కాలమని మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న వైభవమే తెర మీదికి వచ్చింది. ఆ రాశి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాలేదు.

మరో ఎంపిక ఇంకా ఆసక్తికరం. కథానాయకుడూ కృష్ణదేవరాయలూ ఇద్దరూ బాలకృష్ణే. ద్విపాత్రాభినయం మన సినిమాకు కొత్త కాదు, ప్రేక్షకుడికి అదొక ముచ్చట. కానీ ఇదే రాయల వేషం ఆయన తండ్రి ఎన్.టి.రామారావు ‘తెనాలి రామకృష్ణ’ (1956)లోనూ, ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962)లోనూ వేశారు. ఆ తర్వాత తెలుగువారి ఆత్మగౌరవం పేరిట 1982లో పార్టీ పెట్టి ముఖ్యమంత్రి అయ్యారు. అందువల్ల 1991 నాటి ప్రేక్షకుడికి ఆ కిరీటం ఒట్టి కిరీటంగా కనబడే వీల్లేదు. మ్యూజియం ఘట్టంలో గతం అందరిదీ అన్న చిత్రమే, సభ ఘట్టానికి వచ్చేసరికి గతానికి ఒకే ముఖం తొడిగింది. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. చిత్రం దీన్ని గుర్తించినట్టు నాకు అనిపించదు.

దాటిపోయిన ఊరు

హైదరాబాదు నగరానికి పునాది పడినది 1591లో. అంటే చిత్రం విడుదలైన ఏడాదే నగరానికి నాలుగు వందల ఏళ్లు నిండాయి. అంతకు ఏడు నెలల ముందు, 1990 డిసెంబరులో, ఇదే ఊళ్లో మతకలహాలు చెలరేగి వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. పాతబస్తీ రోజుల తరబడి కర్ఫ్యూలో ఉంది. మ్యూజియం ఉన్న దారుల్షిఫా నుంచి చార్మినార్ నడిచి వెళ్లేంత దూరమే. కథ ఆ పేటలో మొదలై, ఆ పేట చరిత్రను ఒక్కసారైనా తాకకుండా నేరుగా విజయనగరంలో దిగుతుంది.

వినోదం కోసం తీసిన సినిమా కలహాల గురించి మాట్లాడి తీరాలని అనడం లేదు. అయితే విజయనగరం నుంచి గోల్కొండకు వేసిన వంతెన ఒకటి మన సాహిత్య చరిత్రలోనే ఉందని మీరు గుర్తుంచుకోవాలి. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా రాజ్యానికి రాకముందు ఏడేళ్లపాటు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. అక్కడే తెలుగు కవిత్వం రుచి మరిగాడు. మన కవులు అతన్ని మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది అతనికే. అచ్చతెలుగులో వచ్చిన ‘యయాతి చరిత్ర’ను పొన్నికంటి తెలగన అంకితమిచ్చిన అమీన్‌ఖాన్ కూడా గోల్కొండ సర్దారే. ఆ ఇబ్రహీమే 1565లో రామరాయల మీద యుద్ధానికి వెళ్లినవారిలో ఒకడు కావడం కథను ఇంకా చిక్కు చేస్తుంది. ఆశ్రయం, కవిత్వం, ద్రోహం, యుద్ధం, అన్నీ ఒక్క మనిషిలో ఉన్నాయి. కాలయంత్రం ఎక్కినవాడికి ఇంతకంటే మంచి మజిలీ ఏం కావాలి! 1991లో ఆ ఒక్క మజిలీ ఈ నగరానికి ఎంత పనికొచ్చేదో ఊహించవచ్చు.

2504లో ఎవరు పైన, ఎవరు కింద

విజయనగరం తర్వాత యంత్రం 2504వ సంవత్సరానికి వెళ్తుంది. ప్రపంచయుద్ధం వల్ల భూమి మీద రేడియేషన్ నిండిపోయి మనుషులు నేల కింద బతుకుతుంటారు. చెర్నోబిల్ ప్రమాదం జరిగి అప్పటికి ఐదేళ్లు, గల్ఫ్ యుద్ధం ముగిసి కొన్ని నెలలు. అణుభయం ఎక్కడిదో ప్రేక్షకుడికి చెప్పనక్కర్లేదు. ఇది స్పష్టంగా, నిజాయితీగా చేసిన హెచ్చరికే.

కానీ వెల్స్ నవలతో పోల్చి చూడండి. వెల్స్ భవిష్యత్తులోనూ నేల కింద మనుషులున్నారు. వాళ్లు అక్కడికి చేరింది బాంబు వల్ల కాదు. పైన ఉన్నవారి కోసం తరతరాలుగా కిందే పనిచేసి, చివరికి వెలుతురు భరించలేని జాతిగా మారిపోయారు. 1927లో వచ్చిన జర్మన్ మూకీ చిత్రం ‘మెట్రోపోలిస్’లోనూ కార్మికులది పాతాళమే, యజమానులది ఆకాశహర్మ్యం. ఆ రెండింటిలోనూ నేల కింద ఎవరున్నారన్న ప్రశ్నకు జవాబు వర్గం. ‘ఆదిత్య 369’లో అందరూ కిందే ఉన్నారు. వెల్స్ దగ్గర నుంచి యంత్రం వచ్చింది, నేలమాళిగ వచ్చింది, తగువు మాత్రం రాలేదు. ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ బంకర్లో నీళ్లు మోసేది ఎవరు, మురికి ఎత్తేది ఎవరు అని మన దేశపు ప్రేక్షకుడు అడగడా? గనిని దాటిపోయిన యంత్రం ఇక్కడా అదే పని చేసింది.

కథ కంటే వింతగా జరిగినవి తర్వాత జరిగాయి. భారత ప్రభుత్వం 1995లో నిజాం నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. అందులో ఆరో నిజాం జోడు ముందుభాగంలో దొరికిందని చెప్పుకునే జాకబ్ వజ్రం కూడా ఉంది. 2001లో ఆ నగలను జనం చూడటానికి ప్రదర్శించినది సాలార్‌జంగ్ మ్యూజియంలోనే. ఆ తర్వాత 2018 సెప్టెంబరులో అక్కడికి దగ్గర్లోనే, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో దొంగలు వెంటిలేటర్ గుండా దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బాను ఎత్తుకుపోయారు. కొద్ది రోజుల్లోనే దొరికారు. వాళ్లు రాజావర్మలు కారు. వాళ్లలో ఒకడు ఆ డబ్బాలో అన్నం పెట్టుకుని తిన్నాడని పోలీసులు చెప్పారు. నాకు తెలిసినంతలో ఆ డబ్బాను చేసిన పనికి వాడిన చివరి మనిషి అతనే.

అభ్యాసం: మీకు దగ్గర్లోని ఏదైనా మ్యూజియానికి వెళ్లి ఒక వస్తువును ఎంచుకోండి. దాని పక్కన ఉన్న ఫలకం మీద ఎవరి కాలం నాటిదో, ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో, ఎవరి చేతి పనో – ఈ మూడింటిలో ఏది రాశారో, ఏది రాయలేదో చూడండి. రాయని దాని కోసం మీ కాలయంత్రాన్ని ఎక్కడికి పంపుతారో రెండు పేజీలకు మించకుండా రాసి తదుపరి సంపర్క తరగతికి తీసుకురండి.