దోర్నకల్ పల్లెల సాక్ష్యము

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున దోర్నకల్ ప్రాంతపు గ్రామములలో పెక్కు రైతు కుటుంబములు క్రీస్తుమతమునకు చేరువైనప్పుడు, మిమ్ము కదలించిన దేమని అడిగినవారికి వారు చూపినది ప్రసంగమును కాదు, గ్రంథమును కాదు. తమ పొలములలో తరతరములుగా కూలి చేయుచున్న మాల మాదిగల బ్రదుకులలో తమ కన్నులయెదుట వచ్చిన మార్పును. ఊరివెలుపల నుంచబడినవారే ఊరివారికి దేవుని వాకిలి తెరచిరన్నమాట. క్రైస్తవుల సాక్ష్యమునుగూర్చి యెంత వ్రాసినను, ఈ యొక్క సంగతికి మించిన ప్రమాణము నాకు గోచరింపదు.

బ్రదుకే సాక్ష్యమగు ఈ పద్ధతికి ప్రాణము పోసినవారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. ఆయన 1874లో తిరునల్వేలి సీమలో జన్మించిన తమిళుడు. 1909లో మిషనరీగా దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెవారితో పల్లెవారి మాటలలోనే మాటలాడెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికను సంఘమున బిషప్పైన తొలి భారతీయుడయ్యెను. అంతకు రెండేండ్లముందు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీల త్యాగములను కృతజ్ఞతతో కొనియాడుచునే, మాకు మీ స్నేహము కూడ కావలెనని ఆయన సభాముఖమున నిర్భయముగా అడిగెను. ఆ కోరికలోనే ఆయన జీవితకాలపు బోధ యంతయు ఇమిడియున్నది: సమానుడుగా ఎంచి ప్రక్కన కూర్చుండబెట్టుకొననివాడు ఎదుటివానిని దేవుని సన్నిధికి పిలువజాలడు.

ఆయన బాప్తిస్మ మిచ్చు విధమును చూడుడు. అక్షరము రాని కూలివాడైనను, ముదుసలియైనను, క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలపైనే యుంచుకొని, తాము బాప్తిస్మము పొందినవారమనియు, సువార్తను చాటకుండుట తమకు తగదనియు బిషప్పుగారి వెంట ఒక్కొక్క మాటగా పలుకవలసియుండెను. సువార్త చెప్పుట ఉపదేశిగారి ఉద్యోగము, వినుట మన వంతు అను అలవాటు సంఘమున పాతుకొనకమునుపే, సాక్ష్యభారము ప్రతివాని నెత్తిన పడెను. ఆ చేయి మరునాడు పొలములో కొడవలి పట్టునప్పుడు, ఆసామి చూచుచుండును గదా!

ఆసామి ఏమి చూడవలెనో కూడ అజరయ్యగారు స్పష్టముగా చెప్పిరి. మురికి, రోగము, అప్పు, తాగుడు అను నాలుగు దయ్యములపై ఆయన ఊరూర యుద్ధము ప్రకటించిరి. ఎడ్లబండిలో పల్లెలు తిరుగుచు, గుడిసె ముంగిలి ఊడ్చితిరా, కల్లు మానితిరా అని అడుగుటకు ఆ మహోన్నత పదవి ఆయనకు అడ్డురాలేదు. వీనికంటె కఠినమైన పరీక్ష మరియొకటి కలదు. మాలలకు మాదిగలకు నడుమ అనాదిగా నున్న ఎడమును తెంచి, ఇరువురును ఒక్క పాత్రనుండి ప్రభువు రసమును త్రాగవలెనని ఆయన పట్టుబట్టిరి. ఇది సులువుగా నెరవేరినది కాదు, అంతట నెరవేరినదియు కాదు. అయినను ఈ పట్టుదల లేనిచో మిగిలిన సంస్కారము లన్నియు వెలవెలబోయి యుండెడివి.

పేదల నుండి కానుక నడుగుట న్యాయమా యని కొందరు సందేహింతురు. తెలుగు సంఘములలో ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో దాచి, ఆదివారము గుడికి తెచ్చు ఆచారము కలదు. కొలతకు అది స్వల్పమే. కాని ఎల్లకాలము ఇతరుల దయపై బ్రదికినవారని లోకము ఎంచినవారు తమ వంటయింటి గింజలతో తమ ఉపదేశిని పోషించుకొనుట చూచినప్పుడు, ఆ పిడికెడు బియ్యపు గౌరవము తెలియగలదు.

ఈ సాక్ష్యమున పాటకును పాలు కలదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు రాగతాళములతో కూర్చిన కీర్తనలలో ఒకరు పల్లవి నెత్తుకొనగా తక్కినవారు అందుకొందురు. చదువురానివాడును రెండవసారికే గొంతు కలుపగలడు. వీధిలో నిలిచి వినువానికి ఆ రాగము పరాయిది కాదు.

దోర్నకల్ దేవాలయము సైతము ఇట్టిదే. ముసల్మానుల కట్టడములను దలపించు గుమ్మటమును, హిందూ ఆలయములను దలపించు స్తంభములును అందొక్కచోట చేరినవి. కట్టడము ఏండ్లతరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగెను. అది దూరదేశపు జ్ఞానులు శిశువైన క్రీస్తును వెదకుచు వచ్చిన వృత్తాంతమును స్మరించు పండుగ దినము. ఆలయమునకును ఆ పండుగ పేరే. బయటివారి రాకను కొనియాడు దినమును ఏరి పెట్టుకొనిన ఆ సంఘపు హృదయము నాకు మిక్కిలి ప్రియము.

అజరయ్యగారి మనస్సును తుదివరకు బాధించినది క్రైస్తవుల నడుమనే యున్న చీలిక. కులభేదమును విడిచి వచ్చిన పల్లెవానితో, నీవొక మిషనువాడవు, ప్రక్క ఊరివాడు వేరొక మిషనువాడు, మీరిరువురును ఒక్క బల్లయొద్ద చేరరాదని ఏ ముఖముతో చెప్పుట? ఈ ప్రశ్ననే పట్టుకొని ఆయన 1919 తరంగంబాడి సమావేశము మొదలు పావుశతాబ్దికి పైగా సంఘైక్యమునకై పాటుపడిరి. 1945 జనవరి 1న ఆయన కన్నుమూసిరి. ఆయన కోరిన ఐక్యత రూపుదాల్చి, దక్షిణ ఇండియా సంఘము మద్రాసులో 1947 సెప్టెంబరు 27న ఏర్పడినది.