లినక్స్‌లో సంగీత ధ్వనిముద్రణ: ఎన్ని పొరలు అవసరం?

లినక్స్ కంప్యూటర్‌లో మైకు ముందు పాడిన పాట ఫైలుగా మారేలోపు సాధారణంగా మూడు పొరలు దాటుతుంది. హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే డ్రైవర్లది మొదటి పొర. శబ్దాన్ని వేర్వేరు ప్రోగ్రాములకు పంచిపెట్టే సర్వరుది రెండోది. పాటను ముద్రించి, కత్తిరించి, కలిపే ప్రోగ్రాముది మూడోది. ఇతర కంప్యూటర్లలో తయారీదారులే అమర్చి కనపడకుండా ఉంచే ఈ పొరలు లినక్స్‌లో విడివిడిగా చేతికందుతాయి కాబట్టి, దేన్ని ఉంచాలో దేన్ని తీసేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛతో పాటు ఆ తలనొప్పి కూడా వాడుకరిదే అవుతుంది. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారు ఏ సర్వరు గొప్పదని ఆరా తీస్తారు గాని, తలపెట్టిన పనికి ఎన్ని పొరలు అవసరమో ముందు తేల్చుకుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఈ పొరలు ఒకరు గీసిన పటం ప్రకారం పుట్టినవి కావు. 1990ల తొలినాళ్లలో ఫిన్లాండ్‌కు చెందిన హన్ను సవొలైనెన్ రూపొందించిన ఓపెన్ సౌండ్ సిస్టమ్ లినక్స్‌కు తొలి శబ్ద వ్యవస్థ కాగా, దాని పరిమితులను అధిగమించడానికి చెక్ ప్రోగ్రామర్ యారొస్లావ్ కీసెలా 1998లో ఆల్సా ప్రాజెక్టును ఆరంభించాడు. గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే ఒక్క కార్డు కోసం రాసిన డ్రైవరు నుంచి ఎదిగిన ఆ పని, 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నల్‌తో లినక్స్‌కు ప్రామాణిక వ్యవస్థ అయింది. అయితే ఒక ప్రోగ్రాము నుంచి వచ్చే ధ్వనిని మరో ప్రోగ్రాములోకి, క్షణం తేడా రాకుండా, మళ్లించే సౌకర్యం సంగీతకారులకు కావాలి. ఆర్డోర్ అనే బహుళ ట్రాకుల ముద్రణ ప్రోగ్రామును రాస్తున్న పాల్ డేవిస్ ఆ అవసరం కొద్దీ జాక్ సర్వరును తయారుచేశాడు. మరోవైపు సినిమాలు, ఫోన్ సంభాషణలు వంటి రోజువారీ వాడకం కోసం లెనార్ట్ పొటరింగ్ 2004లో మొదలుపెట్టిన పని పల్స్‌ఆడియోగా స్థిరపడింది. ఒకే కార్డు కోసం ఈ రెండూ పోటీ పడటం, ఒకటి పట్టుకుంటే రెండోది మూగబోవడం, ఏళ్ల తరబడి సాగిన రభస. విమ్ టేమన్స్ మొదట వీడియో ప్రవాహాల కోసం చేపట్టిన పైప్‌వైర్ ఈ తగవుకు పరిష్కారం చూపింది. జాక్ కోసం రాసిన ప్రోగ్రాములూ పల్స్‌ఆడియో కోసం రాసినవీ దాని మీద పక్కపక్కనే నడుస్తాయి. 2021లో ఫెడోరా 34 దాన్ని అప్రమేయ శబ్ద సర్వరుగా స్వీకరించింది, 2023 నవంబరులో దాని 1.0 వెర్షను వెలువడింది.

ధ్వనిముద్రణలో అందరినీ భయపెట్టే మాట లేటెన్సీ, అంటే శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లి హెడ్‌ఫోన్లలోకి తిరిగి రావడానికి పట్టే ఆలస్యం. కంప్యూటర్ ధ్వనిని ధారగా కాక విడతలుగా తీసుకుంటుంది. విడతలో ఎన్ని నమూనాలు, అంటే ఒక్కో క్షణపు ధ్వని కొలతలు, ఉండాలో, ఎన్ని విడతలు నిల్వ ఉండాలో వాడుకరి నిర్ణయిస్తాడు. సెకనుకు 48,000 నమూనాలు తీసే అమరికలో విడతకు 128 చొప్పున రెండు విడతలు పెట్టుకుంటే, 256ను 48,000తో భాగించగా ఆలస్యం 5.3 మిల్లీసెకన్లు, విడతకు 1,024 అయితే 42.7 మిల్లీసెకన్లు. యూఎస్‌బీ దారి, కన్వర్టర్లు తమ వంతు కలుపుతాయి కనుక అసలు ఆలస్యం తెర మీద కనిపించే అంకెకన్నా ఎక్కువే ఉంటుంది. కచ్చితంగా తెలియాలంటే, మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పరికరం అవుట్‌పుట్‌ను దాని ఇన్‌పుట్‌కే ఒక కేబుల్‌తో కలిపి, సంకేతం తిరిగి వచ్చే సమయాన్ని కొలవాలి. ఆర్డోర్‌లోనే ఆ ఏర్పాటు ఉంది.

ఈ అంకెలను గాలిలో ధ్వని వేగంతో పోల్చి చూస్తే భయం చాలావరకు తగ్గుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే 10 మిల్లీసెకన్లకు 3.4 మీటర్లు. వేదిక మీద గాయకుడికి అంత దూరంలో కూర్చున్న మృదంగ విద్వాంసుడికి లయ తప్పదు కదా. హెడ్‌ఫోన్లలో అంత ఆలస్యంగా పాట వినిపించినా లయ తప్పదు. ఇబ్బంది పడేది గాయకుడే. తన గొంతు పుర్రె ఎముకల గుండా తక్షణం చెవికి చేరుతుండగా, అదే గొంతు కొన్ని మిల్లీసెకన్లు వెనకగా హెడ్‌ఫోన్లలో వినిపిస్తే ఆ రెండూ కలిసి కొన్ని పౌనఃపున్యాలను రద్దు చేసుకుంటాయి. గొంతు బోలుగా, పరాయిదిగా తోస్తుంది. దీనికి విరుగుడు కెర్నల్‌లో లేదు, ఇంటర్‌ఫేస్ మీద ఉండే డైరెక్ట్ మానిటరింగ్ మీటలో ఉంది. ఆ మీట వేస్తే మైకు శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లకముందే హెడ్‌ఫోన్లకు చేరుతుంది. ముద్రణ ప్రోగ్రాము తనకు తెలిసిన ఆలస్యాన్ని లెక్కగట్టి కొత్త ట్రాకును పాత ట్రాకుల పక్కన సరైన చోటే పేర్చుతుంది కాబట్టి, విడతకు 512 నమూనాలు పెట్టుకున్నా నష్టం లేదు. ఆలస్యాన్ని నిజంగా కుదించవలసింది శబ్దం కంప్యూటర్‌లోనే పుట్టే సందర్భాల్లో, అంటే మిడి కీబోర్డుతో సాఫ్ట్‌వేర్ వాయిద్యం వాయించేటప్పుడు, గిటారుకు సాఫ్ట్‌వేర్ యాంప్లిఫయర్ తగిలించినప్పుడు మాత్రమే.

అవసరం లేకుండా ఆలస్యాన్ని కుదించడానికి మూల్యం ఎక్స్‌రన్. ప్రాసెసరు గడువులోగా తర్వాతి విడతను అందించలేకపోతే ధ్వనిలో పడే చిన్న తెగుడును అలా పిలుస్తారు. తని ఆవర్తనంలో ఆ టిక్కుమనే చప్పుడు దెబ్బల మధ్య కలిసిపోయి దొరక్కుండా పోవచ్చు గాని, వీణ మీద సాగే గమకంలో పడితే ఆ ఆవృత్తం మొత్తం మళ్లీ వాయించాల్సిందే. ధ్వనిముద్రణ ప్రోగ్రాముకు రియల్‌టైమ్ ప్రాధాన్యం, అంటే ఇతర పనులన్నిటికన్నా ముందు ప్రాసెసరును అందుకునే అనుమతి ఇవ్వడం ఇందుకు మొదటి చికిత్స. కెర్నల్‌నే రియల్‌టైమ్ పనులకు అనువుగా మార్చే, సుమారు ఇరవై ఏళ్లు విడి ప్యాచ్‌గా సాగిన ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024లో 6.12తో ప్రధాన కెర్నల్‌లో పూర్తిగా చేరింది కాని, ఇంట్లో ముద్రించుకునేవారిలో అత్యధికులకు దాని అవసరమే రాదు.

లేటెన్సీ మీద ఉన్న శ్రద్ధలో పదోవంతు కూడా గడియారం మీద ఉండదు. ప్రతి ఇంటర్‌ఫేస్‌లోనూ, ప్రతి యూఎస్‌బీ మైకులోనూ నమూనాల వేగాన్ని నిర్ణయించే స్ఫటికం ఒకటి ఉంటుంది. ఏ రెండు స్ఫటికాలూ ఒకే వేగంతో కొట్టుకోవు. గాత్రానికి ఒక యూఎస్‌బీ మైకు, వయొలిన్‌కు ఇంకొకటి పెట్టి ముద్రించారనుకుంటే, వాటి మధ్య పది లక్షలకు 50 పాళ్ల తేడా ఉన్నా గంటకు 0.18 సెకను ఎడం వస్తుంది. రెండు గంటల కచేరీ చివరికి వయొలిన్ గాత్రం వెనక నడుస్తున్నట్టు అందరికీ వినిపిస్తుంది. పైప్‌వైర్ ఒక గడియారాన్ని ప్రధానంగా తీసుకుని మిగతావాటిని దానికి సర్దుతుంది, జాక్‌కు కూడా అలాంటి అనుబంధ పనిముట్లు ఉన్నాయి. అయినా రెండు చవక మైకుల డబ్బుతో రెండు ఇన్‌పుట్‌లున్న ఒకే ఇంటర్‌ఫేస్ కొనడమే సరైన దారి. అది క్లాస్ కంప్లయంట్ రకం, అంటే ప్రత్యేక డ్రైవరు లేకుండా యూఎస్‌బీ ప్రమాణం మీదే పనిచేసేది, అయ్యుండాలి.

ఇక సర్వరు ఎంపిక. ఒకే ఇంటర్‌ఫేస్, ఒకే ప్రోగ్రాముతో కచేరీనో సాధననో ముద్రించేవారికి సర్వరే అక్కర్లేదు. ఆర్డోర్ నేరుగా ఆల్సాతో మాట్లాడగలదు, పొర తగ్గితే చెడిపోయే చోట్లూ తగ్గుతాయి. సాఫ్ట్‌వేర్ వాయిద్యాలను, ప్రభావాలను ప్రోగ్రాముల మధ్య కలుపుకుంటూ, అదే కంప్యూటర్‌లో వీడియోలు కూడా చూసేవారికి పైప్‌వైర్ చాలు. దాని విడత పరిమాణం అప్రమేయంగా 1,024 కనుక సాఫ్ట్‌వేర్ వాయిద్యం వాయించేటప్పుడు 128కో 256కో తగ్గించుకోవాలి. ధ్వనిముద్రణ తప్ప మరో పని చేయని స్టూడియో యంత్రంలో జాక్ ఏళ్ల తరబడి నమ్మకంగా నడుస్తూ ఉంటే దాన్ని మార్చడానికి కారణం లేదు. 24 బిట్లు, 48,000 నమూనాలు ఏ సంగీతానికైనా సరిపోతాయి. 192,000 అని పెట్టెల మీద అచ్చువేసే అంకె డిస్కును నింపడానికే తప్ప చెవికి చేసే మేలు ఏమీ లేదు. స్థాయిని మాత్రం గట్టి దెబ్బకు కూడా గరిష్ఠానికి 12 డెసిబెళ్లు కింద ఉండేలా సర్దుకోవాలి, ఎందుకంటే గరిష్ఠాన్ని దాటి తెగిపోయిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు.

అమరిక ఒకసారి కుదిరాక, ఆల్బమ్ ముగిసేదాకా కెర్నల్‌ను గాని సర్వరును గాని కొత్త వెర్షన్లకు మార్చకూడదు.