రెండు కీఫ్రేముల మధ్య

బెంగళూరు మహదేవపుర పీజీల్లో ఉంటూ, ఆఫీసు నుంచి వచ్చాక మోషన్ గ్రాఫిక్స్ సొంతంగా నేర్చుకునే మన తెలుగు పిల్లలు ముందు అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993 నుంచీ ఉంది, దానికి డబ్బు కట్టాలి. బ్లెండర్ ఉచితం. ఏదో ఒకటి పట్టుకోండి, బటన్లు వాటంతటవే చేతికొస్తాయి. దానంతటది రానిది కదలికను చూసే కన్ను.

దానికి మనకు మెట్రో ఉంది. 2023 మార్చిలో కృష్ణరాజపుర నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైన్ మొదలైంది. గరుడాచారపాళ్య స్టేషన్లో ఒక రైలు వదిలేసి, అది ఎలా బయల్దేరుతుందో చూడండి. మన ఎదుట ఉన్న తలుపు పక్కకు జరగడానికి ఎంతసేపు పడుతుంది! చివరి బోగీ తలుపులు ఎంత చప్పున దాటిపోతాయి! ఇప్పుడు గదికెళ్లి, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక చుక్కను తెర ఈ చివర నుంచి ఆ చివరికి పంపండి. రెండే కీఫ్రేములు: బయల్దేరే చోట ఒకటి, ఆగే చోట ఒకటి. ఒకే వేగంతో పోతే చుక్కలో ప్రాణం ఉండదు. గ్రాఫ్ ఎడిటర్లో హ్యాండిల్ లాగి గీతను వంచితే, మొదట కాస్త కాస్త జరిగి, నడుమ ఊపందుకుని, చివర నెమ్మదించి ఆగుతుంది. కీఫ్రేములు అవే, వాటి మధ్య నడకే మారింది. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981 నాటి పుస్తకంలో చెప్పిన పన్నెండు సూత్రాల్లో ఇదొకటి. నన్నడిగితే కొత్తవాళ్లు చాలాకాలం దీనిమీదే ఉండాలి.

చుక్క తర్వాత అక్షరాలకొద్దాం. ఇంగ్లిష్ పాఠాల్లో అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగిరొచ్చి వరసలో నిలబడతాయి. అదే పద్ధతి తెలుగుకు పెడితే ‘స్త్రీ’లో వత్తులు ఒక దారి, అసలు అక్షరం ఒక దారి పట్టడం మామూలే. అందుకే మాటను ఇంక్‌స్కేప్‌లో రామభద్ర లాంటి ఫాంటుతో టైపు చేసి, పాత్‌గా మార్చి, వత్తుల్నీ గుణింతాన్నీ వాటి అక్షరంతో యూనియన్ చేసి, ఎస్‌వీజీగా బ్లెండర్‌లోకి తెచ్చుకోవాలి. అప్పుడు అక్షరం మొత్తం ఒకటిగా కదులుతుంది.

ఇక అది ఏ బిందువు చుట్టూ తిరగాలి? వత్తు కిందికి వేలాడుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ లెక్కగట్టిన మధ్య బిందువు కంటికి మధ్యగా అనిపించదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లకు ఈ సంగతి తరాలుగా తెలుసు. బొమ్మ చేతిలో భుజం ఒక ముక్క, ముంజేయి ఒక ముక్క. ఎక్కడ తిరగాలో అక్కడే దారం ముడి. ముడి కాస్త జరిగినా ఎత్తిన చేయి ఒంటిది కాకుండా పోతుంది. వీలైతే ఒకసారి వెళ్లి ఆ బొమ్మను చేత్తో ఆడించి చూడండి.

మొదటి పనికి మీ వీధిలోని ఆంధ్రా మెస్ పేరు చాలు. మూడు సెకన్లు. అందులో చివరి సెకను అక్షరాల్ని కదపకండి, చదవనివ్వండి.