సుఖాసనము, శోభాసనము

గృహోపకరణములను గూర్చి విమర్శ వ్రాయుట మన భాషలో అంతగా అలవాటు లేదు. కావ్యమునకు లక్షణ గ్రంథములున్నవి, విగ్రహమునకు శిల్పశాస్త్రమున్నది. దినదినమును మనము కూర్చుండు ఆసనముయొక్క గుణదోషములను విచారించువారు మాత్రము అరుదు. అందుచేతనే పాత ఇండ్లలోని సోఫాలు పాత సామానుల అంగళ్లకు తరలునప్పుడు, పోవునది ఎట్టిదో తెలిసికొనకయే మనము వానిని సాగనంపుచున్నాము. యానాము, పుదుచ్చేరి, చెన్నపట్టణము, బరంపురము మొదలగు చోట్ల తరతరములుగా కాపురమున్న మనవారికి ఈ విచారము అప్రస్తుతము కాదని మేము తలంచుచున్నాము.

సోఫాను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. దాని కఱ్ఱకట్టు ఎట్టిది? మెత్త ఎట్టిది? అది మనిషిని ఏ విధముగా కూర్చుండబెట్టును? పేరు, వయస్సు, వెల అనునవి తరువాతి మాటలు.

ముందుగా మాటల పుట్టుక చూతము. సోఫా అనునది అరబ్బీలోని 'సుఫ్ఫా' నుండి ఐరోపా భాషలకు పోయినది. తివాసులు పఱచిన అరుగు దానికి మూలము. 'దివాను' చరిత్ర ఇంకను వింతైనది. పారసీకమున లెక్కల పుస్తకమునకును కొలువునకును పేరైన ఆ మాట మనకు దివాణమును, దివానుగారిని ఇచ్చినది. కొలువుకూటములో గోడల వెంబడి వేసిన మెత్తలను చూచిన పాశ్చాత్యులు ఆసనమునకే ఆ పేరు పెట్టుకొనిరి. ఫ్రెంచివారి 'కనపే' దోమతెర అను అర్థముగల గ్రీకు మాటనుండి వచ్చినది. గోదావరి పాయల ఒడ్డున దోమలతో కాపురము చేయువారు ఈ సంగతి విని నవ్వుకొనవచ్చును.

ఇంగ్లండులో కెంటు మండలమందలి 'నోల్' భవనములోని 17వ శతాబ్దపు ఆసనము పాత సోఫాలలో ప్రసిద్ధమైనది. దాని చేతులు వీపంత ఎత్తుగా నిలిచి, త్రాళ్లతో బిగింపబడియుండును. త్రాళ్లు విప్పిన చేతులు వాలును. గంభీరమే కాని, అది మర్యాదకు పుట్టిన ఆసనము. విశ్రాంతికి పుట్టినది కాదు.

18వ శతాబ్దిలో 15వ లూయీ పాలనలో ఫ్రెంచి శిల్పులు సాధించినది వేఱు. కాళ్లు వంపు తిరిగినవి; వీపు అలవలె లేచినది; కాళ్లను కలుపు అడ్డపట్టెలు తొలగినవి. కఱ్ఱకట్టు చేయువారు ఒక శ్రేణి, మెత్త కుట్టువారు మఱియొక శ్రేణి. ఇరువురి పనియు ఒకే గీతలో కలిసిపోవుటయే ఆ శైలియొక్క ఘనత. మేము పెట్టుకొన్న మూడు ప్రశ్నలకును తృప్తికరమైన సమాధానము చెప్పగల శైలి ఏదియని అడిగినచో ఇదియే అందుము. తరువాత 16వ లూయీ కాలమున కాళ్లు నిటారై, గాడులు తీరినవి. 1738లో హెర్క్యులేనియమునందును, 1748లో పాంపేయీయందును త్రవ్వకములు మొదలైన పిమ్మట ప్రాచీన రోమకుల రుచి మరల తలయెత్తుటయే దీనికి ముఖ్య కారణము.

నెపోలియను కాలపు 'ఎంపైరు' శైలిని మేము అంతగా మెచ్చలేము. మహాగని కలప, బంగారు పూత కంచు బిళ్లలు, సింహికల తలలు – వైభవమునకు కొఱత లేదు. కాని అందు ఆసనము మనిషి కొఱకు కాక, మనిషియే ఆసనమునకు అలంకారముగా ఉండును. దావీదు అను చిత్రకారుడు 1800లో వ్రాసిన మదాం రెకామియే చిత్రమును చూచినవారికి ఈ మాట బోధపడును. ఆ చిత్రము పరమ రమణీయము. అట్టి ఆసనముమీద ఒక గంటసేపు కూర్చుండుట వేఱు సంగతి.

ఇంగ్లండులో 1754లో చిప్పెండేలు ప్రకటించిన నమూనా గ్రంథము, 1788లో హెపుల్‌వైటు మరణానంతరము వెలువడిన గ్రంథము, 1791లో మొదలైన షెరటను గ్రంథము కఱ్ఱపనివారి చేతికి పటములను ఇచ్చినవి. దీనివలన కలిగిన లాభము గొప్పది, నష్టమును కలదు. పటము చూచి చేసిన ప్రతి సోఫాకును చిప్పెండేలు పేరు తగిలించు వర్తకులు నేటికిని ఉన్నారు. చిప్పెండేలు తీరు వేఱు, చిప్పెండేలు చేయి వేఱు.

ఇనుప స్ప్రింగు రాకతో కథ మాఱినది. 1822లో వియన్నాలో స్ప్రింగు మెత్తకు ఒక పేటెంటు పుట్టినది. కొలది దశాబ్దములలో సోఫా లావెక్కినది. లోతుగా గుండీలు కుట్టిన తోలు 'చెస్టర్‌ఫీల్డు' ఈ కాలపు సంతానము. 4వ చెస్టర్‌ఫీల్డు ప్రభువు తన దుస్తులు ముడుతపడకుండ దీనిని చేయించెనని కథ చెప్పుదురు. ఆ ప్రభువు 1773లోనే మరణించెను. ఆయన ఎఱుగని స్ప్రింగుమీద ఆయనను కూర్చుండబెట్టుట న్యాయము కాదు. సుఖమున చెస్టర్‌ఫీల్డునకు సాటి లేదు. కాని అందు కఱ్ఱకట్టు పూర్తిగా కప్పబడినది. శిల్పి మెత్త వెనుక దాగినాడు. మన దేశములో 'విక్టోరియా' పేరు ఇంతకంటె చౌక. 1837 మొదలు 1901 వఱకు సాగిన ఆ పాలనలో ఎన్ని శైలులు వచ్చి పోయినవో చూడక, పూలు చెక్కిన ప్రతి బల్లను ఆమె పద్దున వ్రాయుదురు.

ఇక మన సంగతి. 18వ శతాబ్దిలో విశాఖపట్టణపు పనివారు ఇంగ్లీషు నమూనాలను అనుసరించి ఆసనములను, పెట్టెలను చేసి, దంతముతో పొదిగిరి. దంతముపై సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపుట వారి విద్య. అట్టి వస్తువులు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు ప్రదర్శనశాలలో కలవు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండరు విన్చ్ సామగ్రిలోని దంతపు ఆసనములను 1781లో 3వ జార్జి రాజు తన రాణి కొఱకు కొనెను. గర్వింపదగినదే. అయినను విమర్శకుడు పక్షపాతము వహింపరాదు. ఆ ఆసనముల రూపము అరువు తెచ్చుకొన్నది. మనవారి ప్రతిభ అంతయు పైతలమున ఉన్నది. అంచుల వెంబడి ప్రాకు పూలతీగ అద్దకపు బట్టలనుండి దిగివచ్చినట్లుండును. ఆ తీగయే మనది. దానినే మనము చూడవలెను. దంతము కొఱకు పోయిన ఏనుగులనును మఱువరాదు. 1986లో మన దేశమున భారతీయ గజదంతముయొక్క వ్యాపారమును చట్టము నిషేధించినది. అది మంచిదే.

రూపమున గూడ మన దేశము స్వతంత్రించినచోటు ఒకటి కలదు: పేము అల్లిన సోఫా. టేకు లేక ఇరుగుడు కలపతో కట్టి, గుఱ్ఱపు వెంట్రుకల మెత్తకు మాఱుగా పేము అల్లించిరి. మన ఎండలకు, చెమటకు గాలి ఆడు ఆసనము కావలెను. నల్లులు చేరినచో ఎండలో వేయవచ్చును. అల్లిక తెగినచో మరల అల్లించవచ్చును. బంగారు పూత లేకున్నను, మూడవ ప్రశ్నకు దీనికంటె చక్కని సమాధానము ఫ్రెంచివారును చెప్పలేదు.

ఇట్టి సోఫా ఇంటనున్నవారు ఏమి చేయవలెను? సాధారణముగా చేయునది ఇది: పాత మెఱుగును గీకి, చిత్రిక పట్టి, కొత్త వార్నీషు పూసి, పేము కోసివేసి, పలక కొట్టి, ఫోము వేయుదురు. తరువాత అది పాతదియు కాదు, కొత్తదియు కాదు. కుసి బిగింపు, ఉలి జాడ, పాత మేకుల బెజ్జములు – ఇవియే ఆ వస్తువు చెప్పుకొనగల సాక్ష్యము. సాక్షి నోరు నొక్కి సత్కారము చేసితిమనుట విపరీతము. కూర్చుండుటకు వీలు కావలదా యని అడుగుదురు. కావలెను. ఎప్పుడైన తీసివేయదగిన విడి మెత్తలు వేసికొనవచ్చును. వదులైన కుసిని ఎఱిగిన వడ్రంగిచే బిగింపించవచ్చును. ముట్టుకొనుటకు ముందు ఫోటో తీయించి, ఎవరి కాలమున ఎచ్చటనుండి వచ్చినదో ఇంటి పెద్దలను అడిగి వ్రాసి ఉంచవచ్చును. నూఱేండ్లు నిండిన కళావస్తువు 1972 నాటి చట్టము ననుసరించి ప్రాచీన వస్తువని, వ్యక్తులు దానిని విదేశములకు పంపరాదని గూడ తెలిసియుండుట మేలు.

పెద్దలు పోయిన తరువాత కొయ్యను అడిగిన ప్రయోజనము లేదు. ఈ సంచికను చదివినవారు ముందుగా తమ ఇంటి ఆసనమును ఒకసారి తలక్రిందులు చేసి చూచి, పిదప అమ్మవలెనో ఉంచవలెనో నిర్ణయింతురుగాక.